ఐదు శాతం మంచు

మొన్న డిసెంబర్‌లో మా బ్యాచ్ అరకు వెళ్లొచ్చింది. వెళ్లొచ్చిన రాత్రే హాస్టల్లో గొడవ. దేని గురించో చెప్తే నవ్వుతారు. ఒక ఫోటోలో మంచు ఉంచాలా, తీసేయాలా అని.

ఫోటో నాది. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర పొద్దున్నే తీశాను. కింద ఎడమ మూలన రెండు సిల్వర్ ఓక్ చెట్లు. వాటి వెనక ఒక కొండ భుజం. దాని పైన ఇంకో కొండ అంచు, పెన్సిల్‌తో గీసి సగం చెరిపేసినట్టు. మిగతా అంతా తెలుపే.

మా రూమ్మేట్ చూసి "ఇందులో ఏముందిరా, ముప్పావు ఫోటో ఖాళీ" అన్నాడు. అని ఊరుకోలేదు. ఎడిటింగ్ యాప్ తెరిచి డీహేజ్ స్లైడర్‌ని కుడివైపు చివరిదాకా లాగేశాడు. మంచు పల్చగా ఉన్నచోట దాని వెనక ఉన్నవన్నీ బయటికొచ్చాయి. ఘాట్ రోడ్డు మలుపు, నాలుగు రేకుల ఇళ్లు, ఒక సెల్ టవర్. మంచు దట్టంగా ఉన్నచోట మాత్రం స్లైడర్‌కి ఏమీ దొరకలేదు, బూడిదరంగు మరకలు తెచ్చింది. వాడు అక్కడితో ఆగలేదు. ఏఐ టూల్‌తో ఆ మరకల మీద ఒక జలపాతం పెట్టేశాడు. గాలికొండలో ఆ జలపాతం ఎక్కడా లేదు.

"ఇప్పుడు చూడు, క్లియర్‌గా ఉంది" అన్నాడు.

క్లియర్‌గానే ఉంది. కానీ కొండ చిన్నదైపోయింది. నాలుగు అడుగులు మన వైపు నడిచొచ్చి గుట్టలా కూర్చుంది. నేను "ఫీల్ పోయిందిరా" అన్నాను. కంప్యూటర్ సైన్స్ వాళ్ల మధ్య ఫీల్ అనే మాటకి విలువ ఎంతో మీకు తెలుసు. అందరూ నవ్వారు, నేను పడుకున్నాను. ఆ రాత్రి చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. రాస్తూ రాస్తూ నా జవాబులో సగం తప్పని కూడా తెలిసింది. అది చివర్లో చెప్తాను.

ముందు మన సబ్జెక్టుతోనే మొదలుపెడదాం. ఆ యాప్ లోపల ఏ కోడ్ ఉందో ఆ కంపెనీకే తెలియాలి. కానీ ఫోటోలోంచి మంచు తీయడం అనే సమస్య మీద ఎవరైనా మొదట చదివే పేపర్ ఒకటుంది. 2009లో సీవీపీఆర్ కాన్ఫరెన్స్‌లో బెస్ట్ పేపర్ అవార్డు తీసుకుంది. రాసినవాళ్లు కైమింగ్ హె, జియాన్ సన్, షియావూ టాంగ్. కైమింగ్ హె అప్పటికి పీహెచ్‌డీ విద్యార్థి. మనం డీప్ లెర్నింగ్‌లో చదువుకునే రెస్‌నెట్ కూడా తర్వాత ఆయన బృందం చేసిందే.

వాళ్ల ఆలోచన చాలా సింపుల్. మంచులేని బయటి ఫోటోలో ఆకాశం వదిలేసి ఎక్కడ చిన్న ముక్క తీసుకున్నా, అందులో ఏదో ఒక పిక్సెల్‌కి ఎరుపు, పచ్చ, నీలంలో కనీసం ఒక విలువ దాదాపు సున్నా ఉంటుంది. ఒక నీడో, ముదురు ఆకో, గట్టి రంగో ఉంటుంది కదా. మంచు పడితే ఆ సున్నా పైకి లేస్తుంది, ఎందుకంటే మంచు తన తెలుపుని అన్నిట్లోనూ కలుపుతుంది. ఎంత లేచిందో చూస్తే ఎంత మంచు కలిసిందో తెలుస్తుంది. అంత తీసేస్తే సరి.

ఇందులో నన్ను ఆపిన విషయాలు రెండు. మొదటిది, వస్తువు ఎంత దూరంలో ఉంటే మధ్యలో అంత ఎక్కువ మంచు. కాబట్టి మంచు లెక్క కట్టామంటే దూరం లెక్క కట్టినట్టే. ఆ పేపర్ మంచు తీసేసిన ఫోటోతో పాటు ఒక డెప్త్ మ్యాప్ కూడా ఇస్తుంది, అదనంగా, ఉచితంగా. అంటే మా రూమ్మేట్ 'ఏమీ లేదు' అన్న తెలుపులోనే ఏ కొండ దగ్గర, ఏ కొండ దూరం అన్న సమాచారం మొత్తం ఉంది. స్లైడర్ లాగినప్పుడు వాడు చెత్త తీసేశాననుకున్నాడు. తీసేసింది కొలబద్దని.

రెండోది ఇంకా బాగుంటుంది. ఆ పేపర్‌లోనే మంచుని మొత్తం తీయొద్దని ఉంది. మొత్తం తీస్తే ఫోటో అసహజంగా కనబడుతుంది, లోతు పోతుంది. అందుకని ఒమేగా అనే ఒక స్థిరాంకం పెట్టి, దాని విలువ 0.95గా ఉంచారు. అంటే ఐదు శాతం మంచు కావాలనే వదిలేశారు. నేను ఫీల్ అన్నదానికి వాళ్లు ఒక గ్రీకు అక్షరం పెట్టి ఈక్వేషన్‌లో రాశారు. ఇక నన్ను చూసి నవ్విన వాళ్లందరూ ఒమేగాని చూసి కూడా నవ్వాలి.

ఆ ఐదు శాతం చదివాక చైనా పాత చిత్రాల వైపు వెళ్లాను. మంచు తీయడానికి అంత మంచి పద్ధతి చైనా పరిశోధకులు కనిపెడితే, మంచుని ఉంచడం కోసం వందల ఏళ్లు శ్రమపడింది కూడా అక్కడి చిత్రకారులే.

గువో షీ అనే చిత్రకారుడు 1072లో 'తొలి వసంతం' అనే కొండల బొమ్మ వేశాడు. ఇప్పుడది తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. నేను చూసింది స్క్రీన్ మీదే, జూమ్ చేసి చేసి. కొండ కింది నుంచి మెలికలు తిరుగుతూ లేస్తుంది, మధ్యలో రెండు మూడు చోట్ల మాయమవుతుంది, మళ్లీ పైన తేలుతుంది. మాయమైన చోట ఆయన వేసింది దాదాపు ఏమీ లేదు. గువో షీ మాటల్ని ఆయన కొడుకు గ్రంథంగా కూర్చాడు. అందులో కొండని మూడు రకాల దూరాలతో చూడమని ఉంటుంది: కింది నుంచి పైకి, ముందు నుంచి వెనక లోతుల్లోకి, దగ్గర నుంచి దూరానికి సమంగా. కొండ మొత్తం చూపించేస్తే ఎత్తు కనిపించదని, నడుముకి మంచు కడితేనే ఎత్తు తెలుస్తుందని ఆయన వాదన. మా రూమ్మేట్ స్లైడర్ లాగినప్పుడు కొండ ఎందుకు గుట్టయిందో తొమ్మిది వందల ఏళ్ల క్రితమే చెప్పేశాడు.

తర్వాత దక్షిణ సోంగ్ కాలంలో మా యువాన్, షియా గుయ్ ఇంకా ముందుకెళ్లారు. మా యువాన్‌కి 'ఒక మూల మా' అని పేరు పడింది, బొమ్మలోని బరువంతా ఒక మూలకి నెట్టి మిగతాది వదిలేస్తాడని. ఆయన పేరు మీద టోక్యో నేషనల్ మ్యూజియంలో ఒక బొమ్మ ఉంది. ఒక చిన్న పడవ, అందులో వంగి గాలం వేసిన మనిషి, పడవ చుట్టూ నాలుగైదు అల గీతలు. అంతే. మిగతా పట్టుబట్ట మీద కుంచె దాదాపు ఆనలేదు. కానీ దాన్ని చూసినవాళ్లెవరూ అది బట్ట అనుకోరు, నీళ్లనుకుంటారు. చలి కూడా వేస్తుంది.

ఇలా వదిలే పద్ధతిని చైనీస్‌లో లియుబాయ్ అంటారు, తెలుపుని ఉంచేయడం అని. ఉంచేయడం అనే మాట గమనించండి. సిరాతో పట్టు మీద, కాగితం మీద వేసేటప్పుడు అండూ ఉండదు. పడిన చుక్క పడినట్టే. ఆయిల్ పెయింటింగ్‌లా చివర్లో పైన తెల్లరంగు పూసి మంచు తెచ్చుకోవడం వాళ్ల పద్ధతి కాదు. కాబట్టి ఎక్కడ వేయకూడదో వేయడానికి ముందే తెలియాలి. ఖాళీ అనేది పని అయ్యాక మిగిలింది కాదు, పనిలో మొదట తీసుకున్న నిర్ణయం.

ఇక్కడ భాష గురించి ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఈ విషయం అమ్మమ్మకి ఫోన్లో చెప్పడానికి నా దగ్గర 'ఖాళీ' ఒక్కటే ఉంది. "ఫోటోలో సగం ఖాళీ అమ్మమ్మా, అదే బాగుంది" అన్నాను. అమ్మమ్మ "బోసిగా ఉందా, బయలుగా ఉందా?" అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది: గాజుల్లేని చెయ్యి బోసి, పళ్లులేని నోరు బోసి, అక్కడ ఉండాల్సింది లేదు. వాకిలి ముందు స్థలం బయలు, అక్కడ ఏదీ లేకపోవడమే దాని పని. వడ్లు ఎండబెట్టుకుంటాం, పిల్లలు ఆడుకుంటారు, వేసవి రాత్రి మంచాలు వేసుకుంటాం. "బయల్లో సామాను పెడితే ఇక అది బయలు ఎలా అవుద్ది నాన్నా" అంది.

నల్‌కీ సున్నాకీ తేడా చెప్పడానికి మా డీబీఎంఎస్ క్లాసులో ఒక గంట పట్టింది. అమ్మమ్మకి ఒక నిమిషం పట్టింది. వెలితి, బోసి, బయలు, ఎడం, తెరిపి. ఇన్ని మాటలున్న భాషలో మనం అన్నిటికీ ఖాళీ అనేస్తున్నాం. ఒక మాట పోతే దాంతో చూసే చూపు కూడా పోతుంది.

ఇప్పుడు మన క్యాంపస్ సంగతి. పోయిన ఫెస్ట్‌కి మా క్లబ్ వాళ్లం హాస్టల్ కారిడార్ గోడ మీద 'అరకు గిరిజన కళ' అని పెద్ద బొమ్మ వేశాం గుర్తుందా? ఎర్ర బ్యాక్‌గ్రౌండ్, తెల్ల బొమ్మలు. అందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి తప్పులు నేనే ఒప్పుకుంటాను. మేం ఇంటర్నెట్‌లో చూసి దించినవి చాలావరకు వర్లీ బొమ్మలు. వర్లీలు మహారాష్ట్రవాళ్లు. తూర్పు కనుమల్లో గోడల మీద అలాంటి బొమ్మలు వేసేది సవరలు. వాళ్లుండేది అరకులో కాదు, ఇంకా ఉత్తరాన సీతంపేట కొండల్లో, ఒడిశాలోని గజపతి, రాయగడ వైపు. అరకు చుట్టూ ఉండేది కొండదొరలు, భగతలు, కోదులు, పోర్జాలు, గదబలు, కొటియాలు, వాల్మీకులు. వీళ్లందర్నీ కలిపి 'గిరిజన కళ' అని ఒక ఫోల్డర్‌లో వేసేశాం.

సవర బొమ్మల గురించి నిజాయితీగా ఇంకో మాట చెప్పాలి. ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు 'చైనా వాళ్లకి మంచు, మన సవరలకి ఎర్రగోడ, రెండూ ఒకటే' అని రాద్దామనుకున్నాను. అది అందమైన వాక్యమే కానీ నిజం కాదు. వెరియర్ ఎల్విన్ 1951లో ప్రచురించిన పుస్తకం 'ద ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా' సవర బొమ్మల్ని బయటి ప్రపంచానికి చూపించినవాటిలో ముఖ్యమైనది. ఆ బొమ్మల్లో చట్రం లోపల ఖాళీ తక్కువ. గుర్రాలు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు, చెట్లు, నాట్యం చేసే వరసలు కిక్కిరిసి ఉంటాయి. ఎందుకంటే అది చూసి ఆనందించడానికి వేసిన దృశ్యం కాదు. ఇంట్లో జబ్బు చేసినా, పంట కోసమైనా, చనిపోయినవాళ్ల కోసమైనా, ఆత్మలకి కట్టి ఇచ్చే ఇల్లు అది. ఇల్లన్నాక మనుషులు నిండుగా ఉండాలి కదా.

వాళ్ల నిరాడంబరత వేరేచోట ఉంది. బియ్యప్పిండి, ఎర్రమన్ను, మసి, ఒక వెదురుపుల్ల. మనిషంటే కొసలు కలిసిన రెండు త్రిభుజాలు, ముఖంలో వివరాలు ఉండవు. నేల గీత ఉండదు, నీడ ఉండదు, దూరం ఉండదు. మా యువాన్ బొమ్మ చుట్టూ ఉన్నదాన్ని వదిలేశాడు. సవర చిత్రకారుడు మనిషి లోపలి వివరాన్ని వదిలేశాడు. ఇద్దరికీ ఏది వదలాలో తెలుసు. మాకు మాత్రం తెలీలేదు. కారిడార్ గోడ మీద ఎక్కడ జానెడు జాగా కనిపించినా అక్కడో నెమలి, ఇక్కడో థింసా అని నింపేశాం. నింపడానికి కారణం కళ కాదు, భయం. ఖాళీగా ఉంటే పని పూర్తి చేయలేదంటారని భయం. పీపీటీ స్లైడులోనూ, రెజ్యూమెలోనూ, ఆదివారం సాయంత్రంలోనూ మనకుండే భయం అదే.

ఇంతవరకూ రాసి, వ్యాసం అయిపోయిందనుకుని, డ్రాఫ్ట్‌ని మా క్లాస్‌మేట్ ఒకడికి చూపించాను. వాడిది అనంతగిరి మండలం, కొండ మీది ఊరు. నా ఫోటో చూశాడు, తర్వాత రూమ్మేట్ మార్చిన ఫోటో చూశాడు. రెండోదాంట్లో సెల్ టవర్ మీద వేలు పెట్టి అన్నాడు:

"ఇది మా పక్క పంచాయతీలోది. లేచి ఏడాదైంది, ఇంకా సిగ్నల్ ఇవ్వలేదు. నీ ఫోటోలో ఇది కనబడట్లేదు కదా, అందుకే అందంగా ఉంది. మీకు మంచు వ్యూ రా. మా ఊరికి రోడ్డు సగంలో ఆగింది. డోలీలో మనిషిని మోసుకెళ్తున్నప్పుడు మంచు పడితే కాలు ఎక్కడ పెట్టాలో తెలీదు. ఖాళీ గొప్పదని మాకు చెప్పకు."

నేను చెప్పడానికి ఏమీ దొరకలేదు. నా జవాబులో సగం తప్పని మొదట్లో అన్నది దీని గురించే. నాకు బయలుగా కనిపించింది వాడికి వెలితి. అమ్మమ్మ రెండు మాటలూ నేర్పింది, నేను ఒక్కటే వాడుకున్నాను.

అప్పట్నుంచి ఆలోచిస్తున్నాను, బయలుకీ వెలితికీ తేడా ఎలా పట్టుకోవాలి? చూడ్డానికి రెండూ తెల్లగానే ఉంటాయి. నాకు దొరికిన పరీక్ష ఒక్కటే: దాన్ని అలా వదిలింది ఎవరు? చిత్రకారుడు తన పట్టుబట్ట మీద తనే వదిలితే అది బయలు. వేరెవరో ఇవ్వాల్సింది ఇవ్వకుండా వదిలేస్తే వెలితి. రోడ్డు లేకపోవడం లియుబాయ్ కాదు. ఎవరో చేయని పని.

ఈ పరీక్ష తిరగేసి కూడా వాడాలి. బయటివాళ్లు ఈ కొండల్ని చూసి ఖాళీ అన్న ప్రతిసారీ నింపడానికి ఏదో తెచ్చారు. అరకు వెళ్లేటప్పుడు మనం అద్దాల కోచ్‌లో కూర్చుని సొరంగం వచ్చినప్పుడల్లా అరుస్తామే, ఆ కొత్తవలస - కిరండూల్ లైను 1960ల్లో వేసింది మన కోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కడి నుంచి జపాన్‌కి పంపడానికి. కొండవాలు మీద పోడు కొట్టి, కొన్నేళ్లు పండించి, వదిలేసిన చోటు బయటివాడి కంటికి బీడు. కొండ మీదవాళ్లకి అది మళ్లీ అడవి లేవడానికి ఇచ్చిన గడువు, నేలకి తెరిపి. ఇప్పుడా గడువు తగ్గిపోతోంది, అది వేరే కథ.

మా క్లాస్‌మేట్ మండలంలోనే, బొర్రా చుట్టుపక్కల, గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 1997 జులైలో తీర్పు చెప్పింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గనుల కోసం గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని. 1/70 చట్టంలో 'వ్యక్తి' అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని చెప్పింది. అంతకు ముందు ఏడాదే, 1996లో, పెసా చట్టం గ్రామసభకి మాట ఇచ్చింది. నేను లా విద్యార్థిని కాదు. కానీ ఈ రెండిట్లో నాకు అర్థమైంది చిత్రలేఖనం పాఠమే: ఎక్కడ గీత పడాలో, ఎక్కడ పడకూడదో ఆ బట్ట ఎవరిదో వాళ్లు చెప్పాలి. రోడ్డు కావాలన్నా వాళ్లే, గని వద్దన్నా వాళ్లే.

చైనా బొమ్మల్లోని ఖాళీ కూడా అంత అమాయకమైంది కాదు. సోంగ్ రాజ్యం 1127లో ఉత్తర భాగాన్ని మొత్తం పోగొట్టుకుంది. దక్షిణాన మిగిలిన దర్బారులో మా యువాన్, షియా గుయ్ బొమ్మలేశారు. తర్వాతి కాలం విమర్శకులు కొందరు వాళ్లని ఎత్తిపొడిచారు, సగం రాజ్యం పోయింది కాబట్టే సగం కొండ వేస్తున్నారని. ఆ విమర్శ న్యాయమో కాదో నేను చెప్పలేను. కానీ తెలుపు చూసి 'ఇక్కడ ఏం పోయింది?' అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు. మా క్లాస్‌మేట్ అడిగింది అదే.

కాబట్టి నేను చెప్పేది ఇది. మన సొంత పనిలో, అంటే స్లైడులో, కోడ్‌లో, గోడ మీద, రోజులో, కొంచెం వదలడం నేర్చుకుందాం. ఇంకొకరి ఊరు మనకి ఖాళీగా కనబడితే మాత్రం అది బయలో వెలితో మనమే తేల్చేయకుండా అక్కడివాళ్లని అడుగుదాం. మంచుని తీసేయడమూ తొందరపాటే, మంచు చాటున ఏముందో అడక్కుండా మెచ్చుకోవడమూ తొందరపాటే.

వచ్చే నెల కారిడార్ గోడకి మళ్లీ సున్నం వేస్తున్నారు. క్లబ్ మీటింగ్‌లో నా ప్రతిపాదన: ఈసారి ఒక మూల మాత్రమే వేద్దాం, ఎవరి బొమ్మో వాళ్ల పేరు సరిగ్గా రాద్దాం, మిగతా గోడ వదిలేద్దాం. బోసిగా ఉందని ఎవరైనా అంటే అప్పుడు వాదించుకుందాం.

ఫోటో సంగతి. ఈ సంచికకి రెండూ ఇచ్చాను. మంచు ఉన్నదొకటి, టవర్ కనబడేదొకటి. పక్కపక్కన వేయమన్నాను. జలపాతం మాత్రం తీసేశాం, మా రూమ్మేటే తీశాడు.